ఆడపిల్ల పేరు మీద చదువు లోను: తీసుకోమంటారా, పొలం అమ్ముకోమంటారా?

సిద్దిపేట అమ్మ · మంగళవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా పాపకు జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు పంచే) కౌన్సెలింగులో వరంగల్ ఎన్‌ఐటీలో సివిల్ సీటు వచ్చింది. మా రెండు వైపుల చుట్టాల్లో ఇంజినీరింగు గడప తొక్కే మొదటి ఆడపిల్ల మా పాపే. సంతోషం ఎంత ఉందో భయం కూడా అంతే ఉంది.

మా ఆయనకు నెలకు 45 వేలు జీతం. కొండపాక వైపు రెండెకరాల మెట్ట ఉంది, కౌలు కొంచెం వస్తుంది. అన్నీ కలిపి ఏడాదికి 5 లక్షల 80 వేలు అని ఆదాయం సర్టిఫికెట్ తీసినం. కాలేజీ ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షా పాతిక వేలు. పైన హాస్టలు, మెస్, ల్యాప్‌టాపు. మెస్ ఖర్చు జీతంలో నుంచి మేమే పెట్టుకుంటాం. మిగిలింది ఏడాదికి లక్షన్నర దాకా కావాలి.

ఇంట్లో మూడు మాటలు నడుస్తున్నాయి. మా ఆయన పొలం అమ్ముదాం అంటారు. మా బావగారు తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి ఇప్పిస్తా అంటున్నారు. నేను బ్యాంకులో చదువు లోను తీసుకుందాం అన్నా. దానికి మా అత్తమ్మ, "ఆడపిల్ల నెత్తి మీద అప్పు పెడితే రేపు పెండ్లికి ఎవరొస్తరు?" అని రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినట్లేదు.

ప్రభుత్వం వడ్డీ కడుతుందని ఒకరు, అదంతా ఉత్తదే అని ఒకరు చెప్తున్నారు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. ఫీజు కట్టడానికి ఎక్కువ రోజులు లేవు.

---

పాత క్యాషియర్ · మంగళవారం రాత్రి 10:25

అమ్మా, ముందు మీ పాపకు ఆశీస్సులు. నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో 34 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. క్యాషియర్‌గా చేరి మేనేజరుగా దిగాను. చదువు లోన్లు నా చేతి మీదుగా వందల్లో వెళ్ళాయి. పొలం జోలికి వెళ్ళకండి. రెండు రూపాయల వడ్డీ గురించి అయితే అసలు ఆలోచించకండి.

ఒక్క సంగతి ముందు సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఇక్కడ ప్రభుత్వం మీకు అప్పు ఇవ్వదు. డబ్బు బ్యాంకుది. ప్రభుత్వం రెండు పనులు చేస్తుంది. బ్యాంకుకు పూచీ పడుతుంది, మీ వడ్డీలో కొంత తాను మోస్తుంది. ఈ రెండూ కలిసే మీలాంటి ఇంటికి తలుపు తెరుస్తాయి.

2024 నవంబరు 6న కేంద్ర క్యాబినెట్ పీఎం విద్యాలక్ష్మి పథకానికి ఆమోదం ఇచ్చింది. 2030-31 దాకా 3,600 కోట్లు దీనికి పెట్టారు. కేంద్రం కాలేజీలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో ఉన్న కాలేజీలు, 101 నుంచి 200 లోపు ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నీ ఇందులోకి వస్తాయి. మొదట్లోనే 860 సంస్థలు. వరంగల్ ఎన్‌ఐటీ కేంద్ర సంస్థ కాబట్టి మీకు ఆ అనుమానమే అక్కర్లేదు. తాకట్టు అడగకూడదు, బయటివాళ్ళ హామీ సంతకం అడగకూడదు. ఏడున్నర లక్షల లోపు లోను వసూలు కాకుండా పోతే అందులో 75 శాతం ప్రభుత్వం బ్యాంకుకు పూడుస్తుంది.

ఇక వడ్డీ. ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి, ప్రొఫెషనల్ లేదా టెక్నికల్ కోర్సు చదివితే, చదువుకున్నన్నాళ్ళూ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ మొత్తం వడ్డీ కేంద్రమే కడుతుంది. ఇది 2009-10 నుంచీ ఉన్న పాత పథకమే. మీది 5 లక్షల 80 వేలు, అంటే ఆ గీత దాటారు. కానీ కొత్త పథకంలో 8 లక్షల లోపు వాళ్ళకు 10 లక్షల వరకు అప్పు మీద 3 శాతం వడ్డీ ప్రభుత్వం భరిస్తుంది. ఏడాదికి లక్ష మందికి ఇస్తారు. ప్రభుత్వ సంస్థల్లో టెక్నికల్ కోర్సులు చదివేవాళ్ళకు ముందు వరుస. మీ పాప ఆ వరుసలోనే ఉంది.

లెక్క రేపు పొద్దున వేసి పెడతాను. కళ్ళజోడు మార్చాలి, ఈ రాత్రి కాదు.

---

గోదావరి పిల్ల · మంగళవారం రాత్రి 11:10

అక్కా, నేను ఆ పిల్లనే అనుకోండి. ఎనిమిదేళ్ళ కిందట మా ఇంట్లోనూ ఇదే గొడవ.

మా నాన్న ఆటో తోలతారు. నాకు తిరుచ్చి ఎన్‌ఐటీలో సీటు వచ్చింది, 2017లో. మా ఆదాయం చాలా తక్కువ కాబట్టి ట్యూషన్ ఫీజులో మూడింట రెండొంతులు కాలేజీయే తగ్గించింది. ఐదు లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకి ఎన్‌ఐటీల్లో అలా ఉంటుంది, లక్ష లోపైతే ట్యూషన్ పూర్తిగా మాఫీ. ఎస్సీ, ఎస్టీ పిల్లలకీ, వైకల్యం ఉన్న పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా మాఫీ. (చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. లోను గురించి ఆలోచించే ముందు ఇది చూసుకోండి.) మిగతా వాటికి లోను తీసుకున్నాం, నాలుగేళ్ళకి కలిపి మూడు లక్షల ఇరవై వేలు.

మా నాన్న ప్రతి మూడు నెలలకీ పాసుబుక్కు ముద్ర వేయించుకొచ్చేవారు. మొదటిసారి వడ్డీ వరసలు చూసి ఆయన చేతులు వణికాయి. "ఇదేంటమ్మా, వడ్డీ లేదన్నారు, ఇక్కడ పడిపోతోంది" అని హాస్టలుకి ఫోను. నాకూ తెలియదు. ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు. తర్వాత అర్థమైంది. బ్యాంకు ముందు వడ్డీ రాస్తుంది, సబ్సిడీ కొన్ని నెలలు ఆగి ఒకేసారి జమ పడుతుంది. ఆ జమ పడ్డ రోజు నాన్న పాసుబుక్కు పేజీని ఫొటో తీసి పంపారు. ఆ ఒక్క వరస కింద బాల్‌పెన్నుతో గీత గీసి ఉంది. ఇప్పటికీ నా ఫోనులో ఉంది.

పుణెలో ఉద్యోగం వచ్చాక మూడేళ్ళలో తీర్చేశాను. నాన్న ఆటో మీద ఒక్క రూపాయి అప్పు పడలేదు. అది నాకు అన్నిటికన్నా పెద్ద సంగతి.

పెళ్ళి మాట చెప్తాను, మామ్మగారికి చదివి వినిపించండి. పెళ్ళిచూపుల్లో అబ్బాయి వాళ్ళ అమ్మగారు అడిగారు, "అప్పులేమైనా ఉన్నాయా" అని. "ఉందండీ, నా చదువు లోను, ఇంకా లక్షా పది వేలు" అన్నాను. "నువ్వే కట్టుకుంటున్నావా?" అన్నారు. "నేనేనండీ" అన్నాను. ఇంకేమీ అడగలేదు. ఇవాళ ఆవిడ మా అత్తగారు.

---

మెట్ట రైతు · బుధవారం ఉదయం 6:15

అందరు మంచిగనే చెప్తున్నరు. నాకైన దెబ్బ గూడ చెప్పాలె, లేకుంటె తప్పయితది.

మా పిలగాన్ని ఒక ప్రైవేటు కాలేజీల మేనేజిమెంటు కోటాల చేర్పించిన. నాలుగు లక్షల లోను తీసినం. కాలేజీ పేరు చెప్ప. మా ఆదాయం రెండు లక్షలు గూడ దాటది, వడ్డీ సర్కారు కడ్తదనుకున్నం. ఆఖరికి తెల్సింది, నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపులుంటయి గద, ఆ కాలేజీకి న్యాక్ లేదు, ఆ కోర్సుకు ఎన్‌బీఏ గూడ లేదు, అందుకే సబ్సిడీ రాదని. చేరెటప్పుడు ఒక్కలు చెప్పలె. నాలుగేండ్ల వడ్డీ అంత అసల్ల కలిసింది.

పిలగానికి చదువు అయినంక ఏడాదిన్నర పని దొరకలె. కిస్తులు తప్పినయ్. పోయిన వానాకాలం నేను బంగారం కుదవపెట్టి లోను అడగబోతే, నా సిబిల్, అంటె అప్పులు ఎట్ల కట్టిననో చూసి ఇచ్చే స్కోరు, మంచిగ లేదన్నరు. లోనుల నేను గూడ సంతకం పెట్టిన గద, ఆ మచ్చ నాకు గూడ అంటుకుంది.

గందుకే చెప్తున్న. లోను మంచిదే. కని ఏ కాలేజీ, ఏ సీటు అనేది ముందు చూడుండ్రి. అది అప్పు, దానం కాదు.

---

పాత క్యాషియర్ · బుధవారం ఉదయం 7:30

మెట్ట రైతు గారూ, మీరు రాసిన ప్రతి మాట నిజం. ఇది చదివి ఒక్క ఇల్లు జాగ్రత్త పడినా మీ పుణ్యమే. నేను పనిచేసిన రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టినవి ఇలాంటి కేసులే. తండ్రి ఎదురుగా కూర్చుని కండువా కొస నలుపుతూ ఉంటాడు, నా దగ్గర చెప్పడానికి మంచిమాట ఉండదు.

చదివేవాళ్ళందరికీ: పాత వడ్డీ సబ్సిడీ అందాలంటే న్యాక్ గుర్తింపున్న సంస్థో, ఎన్‌బీఏ గుర్తింపున్న కోర్సో, జాతీయ ప్రాముఖ్య సంస్థో, కేంద్ర నిధులతో నడిచే సంస్థో అయ్యుండాలి. పీఎం విద్యాలక్ష్మి అయితే మేనేజ్‌మెంట్ కోటా సీట్లకు వర్తించదు. డొనేషన్ కట్టే ముందే ఈ రెండు ముక్కలు కాలేజీ ఆఫీసులో అడగండి. పిల్లవాడు మధ్యలో చదువు మానేసినా సబ్సిడీ పోతుంది, జబ్బు చేసి మానేస్తే తప్ప.

రైతు గారూ, మీకు ఇంకా దారి ఉంది. కిస్తు 90 రోజులు దాటి ఆగితే ఖాతా మొండిబాకీ కింద పడుతుంది. బ్యాంకు మేనేజరుకు కాగితం రాయండి, అబ్బాయి ఉద్యోగ పరిస్థితి చెప్పి గడువు పెంచి కిస్తు తగ్గించమని అడగండి. చదువు లోను తీర్చడానికి 15 ఏళ్ళ దాకా గడువు ఇచ్చే వీలుంది. ముఖం చాటేసినవాళ్ళకు ఏ మేనేజరూ సాయం చేయలేడు. ఎదురుగా వచ్చి కూర్చున్నవాళ్ళకు ఎంతోకొంత చేయగలడు. అబ్బాయిని వెంట తీసుకెళ్ళండి.

సిద్దిపేట అమ్మా, ఇదిగో మీ లెక్క. ఏడాదికి లక్షన్నర చొప్పున నాలుగేళ్ళు, మొత్తం 6 లక్షలు. వడ్డీ సుమారు 9 శాతం అనుకుందాం. కిస్తులు మొదలయ్యే లోపు చదువు నాలుగేళ్ళు, పైన ఒక ఏడాది. మొదటి ఏడాది తీసుకున్న లక్షన్నరకు ఐదేళ్ళ వడ్డీ, రెండో ఏడాది దానికి నాలుగేళ్ళు, తర్వాత మూడు, ఆఖరుది రెండు. ఈ కాలంలో వడ్డీ బారువడ్డీయే, చక్రవడ్డీ కాదు. కలిపితే 1,89,000.

ప్రభుత్వం 3 శాతం మోస్తే అందులో 63,000 పోతుంది. మీ వంతు 1,26,000.

మీ బావగారి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 24. అదే డబ్బు, అదే కాలం, చక్రవడ్డీ వేయకుండానే 5,04,000. అసలుకు దాదాపు సమానం. అదీ అప్పిచ్చినాయన ఐదేళ్ళు ఓపిక పడితే. అతను ఓపిక పట్టడు, మూడో నెలకే ఇంటికొస్తాడు. బ్యాంకు మాత్రం ఐదేళ్ళు గడప తొక్కదు. ఈ ఆగడమే చదువు లోనులో అసలు మేలు, వడ్డీ తగ్గింపు దాని తర్వాతే.

---

సిద్దిపేట అమ్మ · బుధవారం ఉదయం 8:05

సార్, ఈ లెక్క మా ఆయనకు చూపించిన. ఐదు లక్షలు అన్న దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదివారు. బావగారికి ఏం చెప్పాలో ఇంకా తెలియదు కానీ, ఆ మాట ఇంక ఇంట్లో రాదు.

రైతన్నా, మీ మాట చదివి మనసు పిండినట్టయింది. మీ కొడుక్కి త్వరగా పని దొరకాలి.

సార్, ఒక అనుమానం. ఆ 1,26,000 కూడా పాప నెత్తి మీద పడకుండా నెల నెలా మేము కడితే?

---

పాత క్యాషియర్ · బుధవారం ఉదయం 8:20

చాలా మంచి ఆలోచనమ్మా. సబ్సిడీ పోగా 6 శాతం అనుకుంటే మొదటి ఏడాది నెలకు 750 రూపాయలు. రెండో ఏడాది 1,500, మూడో ఏడాది 2,250, నాలుగో ఏడాదీ, చదువయ్యాక వచ్చే ఆ ఒక్క ఏడాదీ 3,000. ఇంత కట్టగలిగితే పాప చదువై బయటకు వచ్చాక అసలు 6 లక్షలే ఉంటుంది. పదేళ్ళ గడువు పెట్టుకుంటే కిస్తు నెలకు 7,600 దాకా. ఏమీ కట్టకుండా, సబ్సిడీ కూడా లేకుండా వదిలేస్తే అదే కిస్తు పది వేలకు వస్తుంది.

చదువుకునే కాలంలో వడ్డీ కట్టేవాళ్ళకు చాలా బ్యాంకులు ఒక శాతం తగ్గిస్తాయి. ఆడపిల్లలకు స్టేట్ బ్యాంకులో అర శాతం తక్కువ. అడగనిదే ఎవరూ చెప్పరు, అడగండి. ఒక్క జాగ్రత్త, సబ్సిడీ వెనక వస్తుంది కాబట్టి మొదట్లో బ్యాంకు పూర్తి వడ్డీయే రాస్తుంది. గోదావరి పిల్ల నాన్నగారిలా కంగారు పడకండి.

---

పన్నుల పుస్తకం · బుధవారం మధ్యాహ్నం 1:15

నేను ఆడిటర్‌ని. పన్ను ముక్క ఒకటి చెప్పి వెళ్తాను.

ఆదాయపు పన్ను చట్టం కింద చదువు లోను మీద కట్టిన వడ్డీ మొత్తం ఆదాయంలోంచి తీసేయొచ్చు. ఇంతవరకే అని పరిమితి లేదు. వడ్డీ కట్టడం మొదలైన ఏడాది నుంచి ఎనిమిదేళ్ళు. అసలుకు వర్తించదు, వడ్డీకే. లోను బ్యాంకులాంటి సంస్థ నుంచి అయ్యుండాలి. అన్నదమ్ముల దగ్గర తెచ్చుకున్న చేబదులుకు రాదు. తన కోసం, భార్య లేదా భర్త కోసం, పిల్లల కోసం తీసుకున్న లోనుకు వస్తుంది. ఎవరు లోను తీసుకుని ఎవరు తమ సంపాదనలోంచి కడితే వాళ్ళకే.

అయితే ఇది పాత పన్ను విధానంలోనే ఉంది. కొత్త విధానంలో ఉన్నవాళ్ళకు లేదు. అమ్మా, మీ వారి జీతానికి కొత్త విధానంలో ఎలాగూ పన్ను పడదు, కాబట్టి ఇప్పుడు మీకు దీనితో పని లేదు. పాపకు ఉద్యోగం వచ్చాక రెండు విధానాలూ లెక్కేసుకుని ఏది లాభమో చూసుకోమనండి.

---

సముద్రం దాటాలి · బుధవారం మధ్యాహ్నం 2:40

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నేను ఎంఎస్‌కి అమెరికా వెళ్దామనుకుంటున్నాను. ఈ విద్యాలక్ష్మి నాకు వస్తుందా?

---

పాత క్యాషియర్ · బుధవారం మధ్యాహ్నం 3:05

రాదు బాబూ. అది మన దేశంలో చదివే చదువులకే. విదేశీ చదువుకు మామూలు చదువు లోను తీసుకోవాలి, ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఇల్లో స్థలమో తాకట్టు అడుగుతారు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు విదేశీ విద్యానిధి ఉంది, 20 లక్షల దాకా. అది అప్పు కాదు, సాయం. ముందు దానికి అర్హత ఉందేమో చూసుకో.

---

పన్నుల పుస్తకం · బుధవారం మధ్యాహ్నం 3:20

విదేశాలకు ఫీజు పంపేటప్పుడు బ్యాంకు ముందే కోసుకునే టీసీఎస్ అనే పన్ను ఉంటుంది కదా, బ్యాంకు చదువు లోను డబ్బుతో పంపితే 2025 ఏప్రిల్ 1 నుంచి అది లేదు. ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

---

డల్లాస్ వదిన · బుధవారం రాత్రి 8:50

అమెరికా మాట వచ్చింది కాబట్టి మా ఇంటి సంగతి చెప్తాను. మాకు పౌరసత్వం ఉంది, మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, కాలేజీలో రెండో ఏడాది.

ఇక్కడ అప్పు ఇచ్చేది నేరుగా కేంద్ర ప్రభుత్వమే, బ్యాంకు కాదు. ఫాఫ్సా అనే దరఖాస్తు నింపితే పిల్లవాడి పేరు మీదే మొదటి ఏడాది 5,500 డాలర్ల దాకా ఇస్తారు. అందులో అవసరాన్ని బట్టి 3,500 దాకా సబ్సిడీ భాగం. చదువుకునే కాలంలో దాని వడ్డీ ప్రభుత్వానిదే. రెండో ఏడాది 6,500, తర్వాత 7,500. తల్లిదండ్రుల క్రెడిట్ స్కోరు అడగరు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. మావాడు తన పేరు మీద మొదటిసారి సంతకం పెట్టి, "అమ్మా, ఇది నాది" అన్నాడు. ఆ మాటతో వాడు క్లాసులు ఎగ్గొట్టడం మానేశాడు. పిల్ల పేరు మీద అప్పంటే భయపడుతున్న మీ అత్తయ్యగారికి ఇది కూడా చెప్పండి.

చాలని డబ్బుకు పేరెంట్ ప్లస్ అని తల్లిదండ్రుల పేరు మీద ఇంకో లోను ఉంది. దాంట్లో జాగ్రత్త. 2025-26కి పిల్లల లోను వడ్డీ 6.39 శాతం అయితే, తల్లిదండ్రులది 8.94. పైగా ఇచ్చేటప్పుడే నాలుగు శాతం పైన ఫీజు కింద కోసుకుంటారు. అది ఎప్పటికీ మన పేరు మీదే ఉంటుంది, పిల్లలకు బదలాయించడానికి లేదు. ఇన్నాళ్ళూ కాలేజీ ఖర్చు ఎంతైతే అంత ఇచ్చేవారు. 2025 జులైలో వచ్చిన కొత్త చట్టంతో 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకు ఒక్కో పిల్లకు ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000 డాలర్లే. మేము ముందు వాడి లోను పూర్తిగా వాడుకుని, మిగిలింది మా జీతాల్లోంచి సర్దుకున్నాం.

నా మనసు కలుక్కుమనేది ఇంకొకటి ఉంది. మా పక్కింటివాళ్ళూ తెలుగువాళ్ళే, హెచ్‌-1 మీద పదమూడేళ్ళుగా ఉన్నారు. వాళ్ళమ్మాయి రెండో క్లాసు నుంచి ఇక్కడే చదివింది. పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేదు కాబట్టి ఈ లోన్లలో ఒక్క డాలరు రాలేదు. మా వాడితో ఒకే బస్సులో బడికెళ్ళిన పిల్ల. ప్రభుత్వం పూచీ ఉండడం, లేకపోవడం అంటే ఏమిటో నాకు ఆ రెండు ఇళ్ళ మధ్య కంచె దగ్గర తెలిసింది.

---

సిద్దిపేట అమ్మ · గురువారం సాయంత్రం 5:30

అందరికీ చేతులెత్తి దండం. రాత్రి గోదావరి పిల్ల రాసింది, డల్లాస్ వదిన రాసింది మా పాపే అత్తమ్మకు చదివి వినిపించింది. అత్తమ్మ అంతా విని, "ఆ ఆటో ఆయన బిడ్డ ఇప్పుడెక్కడుంది?" అని అడిగింది. పుణెలోనో ఎక్కడో ఉద్యోగం చేస్తుందట అని పాప అన్నది. అత్తమ్మ లేచి అన్నం పెట్టుకుంది.

ఇవాళ బ్యాంకుకు పోయినం. అక్కడ కౌంటరులో ఒకరు, "ఆరు లక్షలా? పట్టాదారు పాసుబుక్కు పెట్టాలి, లేదంటే గవర్నమెంటు ఉద్యోగి హామీ సంతకం తేవాలి" అన్నారు. మా ఆయన మొహం వాడిపోయింది. పాసుబుక్కు సంచిలో పెట్టుకునే వచ్చారు, తీయబోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపిన. సార్, ఇప్పుడేం చేయాలి?

---

పాత క్యాషియర్ · గురువారం సాయంత్రం 5:50

బాగా ఆపారమ్మా. ఆ పాసుబుక్కు సంచిలోంచి బయటకు రానీయకండి.

కౌంటరులో ఉన్నవాళ్ళకు అన్ని పథకాలూ తెలియాలని లేదు, కోప్పడవద్దు. మీరు కాగితం పట్టుకుని నోటిమాటగా అడిగారు కదా, ఆ పద్ధతి మార్చండి. ఇవాళ రాత్రే పీఎం విద్యాలక్ష్మి పోర్టల్లో పాప ఆధార్‌తో రిజిస్టర్ చేసి దరఖాస్తు పెట్టండి. సీటు కేటాయింపు లెటరు, కాలేజీ ఫీజు వివరం, పది, ఇంటరు మెమోలు, ఆదాయం సర్టిఫికెట్, మీ వారి జీతం స్లిప్పులు, ఇద్దరి పాన్ కార్డులు. అప్పు పాప పేరు మీద, మీ వారు సహ రుణగ్రహీత. ఆన్‌లైన్లో పడితే దరఖాస్తుకు నంబరు వస్తుంది. నంబరున్న దరఖాస్తును ఎవరూ నోటితో కాదనలేరు, కాదంటే కారణం రాయాలి.

రేపు పొద్దున ఆ నంబరు తీసుకుని నేరుగా మేనేజరును కలవండి. "సార్, కేంద్ర సంస్థలో మెరిట్ సీటు, విద్యాలక్ష్మి కింద తాకట్టు లేదు కదా" అని మెత్తగా అడగండి చాలు. నాలుగు లక్షల లోపు చదువు లోనుకు తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. ఈ పథకంలో ఆ పైన కూడా లేదు. అప్పటికీ కాదంటే బ్యాంకుకు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉంది, 14448కు ఫోను చేస్తే దారి చెప్తారు. అంతవరకు వెళ్ళదని నా నమ్మకం.

ఇంకొకటి. పాప పేరు మీద వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్పో ఫీజు రీయింబర్స్‌మెంటో తీసుకుంటే ఈ 3 శాతం రాదు. రెండూ పెట్టి తర్వాత ఇబ్బంది పడకండి.

---

గోదావరి పిల్ల · గురువారం రాత్రి 9:15

అక్కా, మామ్మగారికి చెప్పండి, పుణెయే, కరెక్టుగా చెప్పింది మీ పాప.

ల్యాప్‌టాపు కొటేషన్ కూడా దరఖాస్తుతో పెట్టండి. చదువుకు కావలసిన పుస్తకాలు, కంప్యూటరు లోనులో కలుపుకోవచ్చు. నేను ఆ సంగతి తెలియక మొదటి ఏడాదంతా స్నేహితురాలి ల్యాప్‌టాపు మీద రాత్రి పదకొండు తర్వాత పని చేసుకున్నాను.

---

మెట్ట రైతు · శుక్రవారం మధ్యాహ్నం 12:10

పాత క్యాషియర్ సారూ, నిన్న పిలగాన్ని తోలుకొని బ్యాంకుకు పోయిన. కాగితం రాసిచ్చినం. కిస్తు తగ్గించి గడువు పెంచుతమని మేనేజరు అన్నడు, పై ఆఫీసుకు పంపుతడట. ఇంక కాలే, కని కూసొమ్మని కుర్చీ చూపిచ్చిండు. ఏడాదిన్నర నుంచి ఆ బ్యాంకు ముంగట నుంచి పోకుండ వేరే తొవ్వల తిరిగిన నేను.

---

సిద్దిపేట అమ్మ · పద్దెనిమిది రోజుల తర్వాత, రాత్రి 10:05

మంజూరు లెటరు వచ్చింది. ఆరు లక్షలు, ల్యాప్‌టాపు కూడా కలిపే. తాకట్టు ఏమీ అడగలేదు. మేనేజరు గారు సంతకం పెట్టించేటప్పుడు పాపనే ముందు కూర్చోబెట్టి, ఏ పేజీలో ఏముందో చదివి చెప్పారు. మొదటి ఏడాది ఫీజు గడువు ముందే వచ్చింది కాబట్టి చిట్టీ ఎత్తి కట్టినం, ఆ రశీదు పెడితే లోనులోంచి ఇస్తామన్నారు.

నెల నెలా వడ్డీ మా ఆయన జీతంలో నుంచి పోయేటట్టు రాసిచ్చినం. పట్టాదారు పాసుబుక్కు బీరువాలో బట్టల కింద ఎక్కడ ఉండేదో అక్కడే పెట్టినం. రైతన్నా, మీ కాగితం సంగతి ఏమైందో రాయండి.

ఎల్లుండి హాస్టల్లో దింపడానికి పోతున్నాం. అత్తమ్మ కూడా వస్తానన్నది.

---

పాత క్యాషియర్ · రాత్రి 10:20

చాలా సంతోషం అమ్మా. మంజూరు లెటరు జిరాక్సు ఒకటి ఇంట్లో, ఒకటి పాప దగ్గర ఉంచండి. వచ్చే ఏడాది రెండో విడత డబ్బు అడిగేటప్పుడు ఈ ఏడాది మార్కుల మెమో కావాలి. పాప పాసవుతూ ఉంటేనే 3 శాతం కొనసాగుతుంది.

అమ్మగారిని జాగ్రత్తగా తీసుకెళ్ళండి, ఆ క్యాంపసు పెద్దది, నడక ఎక్కువ.